సీక్వెన్స్ దొరికితే వైరస్ దొరికినట్టేనా?

పుణెలోని వైరస్ రీసెర్చ్ సెంటర్‌లో కె.ఆర్.పి. సింగ్ 1967లో ఏడిస్ ఆల్బోపిక్టస్ దోమ కణాలను ల్యాబ్‌లో పెంచారు. 1975లో అమెరికాలో స్టాలర్, థామస్ ఆ కణాల మీద, వేరేచోట పెంచిన ఏడిస్ ఈజిప్టై కణాల ద్రవం పోస్తే అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అలా బయటపడిందే సెల్ ఫ్యూజింగ్ ఏజెంట్ వైరస్. దోమల్లోనే పెరుగుతుంది, మనిషికి సోకదు.

ఇలాంటి దోమ వైరస్‌ల వేటలో ఇప్పుడు ముందు సీక్వెన్స్, అంటే వైరస్ జన్యు అక్షరాల వరుస, వస్తోంది, వైరస్ చాలాసార్లు చేతికే రావడం లేదు. దీన్ని సగం పనిగానే చూడాలి.

ఆ సగం కూడా దోమలు పట్టిన రోజే చెడుతుంది. చచ్చిన దోమలో ఆర్‌ఎన్‌ఏ త్వరగా పాడవుతుంది. అందుకే చల్లటి పలక మీదే జాతి గుర్తించి, ఒకే జాతి, ఒకే చోటివి 25 నుంచి 50 దోమల చొప్పున కట్టలుగా విడదీయాలి. రక్తం తాగిన ఆడదోమలను వేరుగా ఉంచాలి, లేకపోతే పశువు వైరస్ దోమ ఖాతాలో పడుతుంది. మగదోమలను పారేయొద్దు. అవి కుట్టవు కనుక, వాటిలో కనిపించే వైరస్ రక్తంతో వచ్చింది కాదు. దోమలను నూరిన ద్రవాన్ని రెండుగా పంచాకే, ఒక భాగంలో ట్రైజాల్ అనే రసాయనం కలపాలి. ట్రైజాల్ ఆర్‌ఎన్‌ఏను కాపాడుతుంది కానీ వైరస్‌ను చంపేస్తుంది. వైరస్‌ను పెంచడానికి రెండో భాగాన్ని మైనస్ 80 డిగ్రీల్లో దాచాలి.

అసలు చిక్కు దోమ జీనోమ్‌లోనే ఉంది. ఏడిస్ దోమల డీఎన్‌ఏలో పాత వైరస్‌ల ముక్కలు అతుక్కుని ఉన్నాయి. వాటి నుంచీ ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది కాబట్టి సీక్వెన్సింగ్‌లో కొత్త వైరస్‌లా కనిపిస్తాయి. జన్యువు మధ్యలో స్టాప్ కోడాన్లు, అంటే ప్రోటీన్ తయారీని ఆపే గుర్తులు, ఉంటే అనుమానించాలి. డీఎన్‌ఏ మీద పీసీఆర్ (జన్యు ముక్కను వెతికే పరీక్ష) పాజిటివ్ వచ్చినంత మాత్రాన కొట్టిపారేయనూ కూడదు, నిజమైన ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లకూ దోమ కణాల్లో డీఎన్‌ఏ నకళ్లు పుడతాయి. దోమ రక్షణ వ్యవస్థ వైరస్ ఆర్‌ఎన్‌ఏను కోసినప్పుడు మిగిలే 21 న్యూక్లియోటైడ్ల (అక్షరాల) చిన్న ఆర్‌ఎన్‌ఏలు దాని రెండు పోగుల నుంచీ వస్తుంటే, వైరస్ అక్కడ పెరుగుతోందనడానికి గట్టి ఆధారం.

ఇంత పట్టుదల ఎందుకంటే ఫలితం రెండు వైపులా ఉంది. ఆస్ట్రేలియాలో దొరికిన పామ్ క్రీక్ వైరస్ దోమ కణాల్లో వెస్ట్ నైల్ వైరస్‌ను అణిచింది. ఏడిస్ ఈజిప్టైలోని మరో రెండు పురుగు వైరస్‌లు మాత్రం డెంగీ, జికా వ్యాప్తిని పెంచుతాయని బ్రెజిల్ పరిశోధకులు 2023లో చూపారు. ఏది ఎటో సీక్వెన్స్ ఒక్కటే చెప్పలేదు.

వైరస్‌ను పెంచడానికి సింగ్ కణాల నుంచే వచ్చిన సీ6/36 కణాలు అనువైనవి, వాటిలో వైరస్ ఆర్‌ఎన్‌ఏను కోసే రక్షణ వ్యవస్థ దెబ్బతిని ఉంటుంది. వారం చూసి కణాలు చెడలేదని ఫ్లాస్క్ పారేయకూడదు, ఈ వైరస్‌లు తరచూ ఏ గుర్తూ చూపవు. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను పట్టే యాంటీబాడీతో చూడాలి. పక్కన నమూనా వేయని ఫ్లాస్క్ తప్పనిసరి, ఎందుకంటే కణాల్లోనే పాత వైరస్ ఉండొచ్చు. తర్వాత అది దోమ బయట కూడా పెరుగుతుందేమో తేల్చడానికి వీరో కణాల్లో (కోతి మూత్రపిండ కణాలు) 37 డిగ్రీల దగ్గరే కాక తక్కువ వేడిలోనూ పరీక్షించాలి. 37లో పెరగకపోవడానికి కారణం వేడి కూడా కావచ్చు.