‘అమృతం’ చూసేది జ్ఞాపకాల కోసమేనా?

పాత సీరియళ్ళు చూసేది చిన్ననాటి జ్ఞాపకాల కోసమేనని ఎవరో రాశారు. 2001లో జెమినీ టీవీలో ‘అమృతం’ కామెడీ సీరియల్ మొదలయ్యేనాటికి మా అబ్బాయి పుట్టనేలేదు. ఇప్పుడు కంచం ముందు పెట్టుకుని యూట్యూబ్‌లో అదే చూస్తాడు. వాడికేం జ్ఞాపకాలండీ? హీరో అమృతం వేషంలో శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ మారినా మా ఇంట్లో ఎవరూ ఛానెల్ మార్చలేదు. అతని స్నేహితుడు ఆంజనేయులుగా గుండు హనుమంతరావు ఉన్నాడుగా! ఆ ఇద్దరూ ఈగలు తోలుకునే హోటలు, నెత్తిన కూర్చునే ఇంటి ఓనర్ అప్పాజీ, చాలావరకు ఏ వారం కథ ఆ వారమే సరి. ఇప్పటివాటిలో ఒక్క చెంపదెబ్బను మూడు వైపుల నుంచి చూపించేసరికే ఎపిసోడ్ అయిపోతోంది. అన్నట్టు, సిరివెన్నెల రాసిన ఆ టైటిల్ పాటను మాత్రం వాణ్ణి స్కిప్ కొట్టనివ్వను. అది నా జ్ఞాపకమే, ఒప్పుకుంటా.