ఇంకా పుట్టని అంతర్జాతీయ కార్యాలయానికి గని పక్క ఊరి అభ్యంతర పత్రం

మహారాజశ్రీ గనులు, సుస్థిరతల అంతర్జాతీయ ఉమ్మడి పరిశోధన కార్యాలయం వారి సముఖమునకు గని పక్క ఊరి నివాసి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు త్వరలో అవతరించబోతున్నారని తెలిసి సంతోషించాను. మూడు ఖండాల విశ్వవిద్యాలయాలు ఒక అవగాహన ఒప్పందం మీద సంతకాలు చేస్తాయనీ, పాలకమండలి అధ్యక్ష పదవి రెండేళ్ళకోసారి ఒక ఖండం నుంచి ఇంకో ఖండానికి మారుతుందనీ, చిహ్నం కోసం పలుగు కొసన చిగురు మొలిచిన బొమ్మ ఒకటి పరిశీలనలో ఉందనీ విన్నాను. ఏ నగరంలో కొలువుదీరాలన్న విషయంలో మాత్రం ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదట. నేరుగా విమానాలు ఉండాలి, డైరెక్టరు గారి పిల్లలకు మంచి బడి ఉండాలి, కరెంటు పోకూడదు, గాలి శుభ్రంగా ఉండాలి అన్నవి అర్హతలైనప్పుడు గనులున్న ఊళ్ళు మొదటి వడపోతలోనే రాలిపోవడంలో వింతేమీ లేదు. సమావేశాల వేళలు కూడా కుదరడం లేదని తెలిసింది. చలికాలంలో వాంకూవర్‌లో ఉదయం 7 గంటలైతే హైదరాబాదులో రాత్రి 8.30, పెర్త్‌లో రాత్రి 11 అవుతుంది. అంటే ఒకే సమావేశంలో ఒక సభ్యుడు మొదటి షిఫ్టులోనూ మరొకరు రాత్రి షిఫ్టులోనూ కూర్చోవాలి. బొగ్గుబాయి మనుషులతో మీకు ఆ మాత్రం చుట్టరికం ఉన్నందుకు మాకు గర్వంగానే ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మన దేశంలో చెప్పుకోదగ్గ గని ఏది తవ్వాలన్నా, 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ జరపడం ఆనవాయితీ. మీరు తవ్వేది మట్టిని కాదు గనుక అది మీకు వర్తించదని మీ న్యాయ సలహాదారులు అంటారు. కానీ మీరు వచ్చేదీ తవ్వుకోవడానికే. మా జవాబులను, మా బోరునీళ్ళ సీసాలను, మా రక్త నమూనాలను, మా పొలాల అక్షాంశ రేఖాంశాలను ఇక్కడ ఉచితంగా తవ్వుకుని, విలువ జోడించే పనంతా మీ దేశాల్లో చేసుకుని, తయారైన సరుకును చందా కట్టినవారికి తప్ప తెరుచుకోని పత్రికల్లో భద్రపరుస్తారు. గనికి ఉన్న నియమాలన్నీ మీకూ ఉండాలని కోరుతూ, తమరి స్థాపనకు ముందే ఈ పత్రం దాఖలు చేస్తున్నాను.

మొదట ప్రజాభిప్రాయ సేకరణ. మీకు అలవాటు లేదు గనుక కాస్త వివరంగా చెబుతాను. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన వేయాలి. వందల పేజీల నివేదిక ఇంగ్లీషులో ఉన్నా దాని సంగ్రహం తెలుగులో ఇవ్వాలి. (ఆ సంగ్రహాల్లో ఉండే తెలుగును ఇంతవరకు ఏ జిల్లాలోనూ ఎవరూ మాట్లాడిన దాఖలా లేదు, అది వేరే సంగతి.) చెప్పిన రోజున షామియానా వేసి, ముందు వరుసలో సోఫాలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో పోలీసుల తాడు ఏర్పాటు చేయాలి. కలెక్టరుగాని ఆయన నియమించిన అధికారిగాని అధ్యక్షత వహిస్తారు, కాలుష్య నియంత్రణ మండలి వారు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయిస్తారు, మాట్లాడదలచినవారు పేరు, ఊరు చెప్పి మైకు అందుకుంటారు, మైకు అందుకున్న మరుక్షణం క్లుప్తంగా ముగించమన్న చీటీ అందుకుంటారు. ఇందులో మీకు బాగా నచ్చే అంశం ఒకటుంది: ఈ సభకు కోరం అక్కర్లేదు. వినడానికి ఒక్కరూ రాకపోయినా కార్యక్రమం మొదలుపెట్టవచ్చునని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంది. మీ పాలకమండలిలో మూడింట రెండొంతుల మంది హాజరు లేనిదే టీ ఖర్చు కూడా మంజూరు కాదు. మా పొలాలు పోవడానికి ఆ చిక్కు లేదు.

రెండవది రాయల్టీ. బొగ్గు మీద విలువలో 14 శాతం రాయల్టీ ఉంది. 2015లో గనుల చట్టాన్ని సవరించిన తర్వాత, పాత లీజులున్నవారు ఆ రాయల్టీకి అదనంగా అందులో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని గనులవల్ల నష్టపోయిన ప్రాంతాల కోసం పెట్టిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ అనే నిధికి జమ చేయాలి. మీ సరుకు పేజీల్లో ఉంటుంది గనుక రాయల్టీని కూడా పేజీల్లోనే స్వీకరించడానికి మాకు అభ్యంతరం లేదు. ప్రతి వంద పేజీల నివేదికకూ 14 పేజీలు తెలుగులో మా పంచాయతీకి అందజేయాలి. దానికి అదనంగా నాలుగు పేజీల చిల్లర, గనివల్ల నష్టపోయినవారి పేర్లు తప్పుల్లేకుండా రాయడానికి కేటాయించాలి. లాభం మాటకొస్తే, బొర్రా ప్రాంతపు గిరిజన గ్రామాల గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు, నికర లాభంలో కనీసం 20 శాతాన్ని అక్కడి ప్రజల అవసరాలకు శాశ్వత నిధిగా పక్కన పెట్టాలన్నది. మీకు డబ్బు లాభం ఉండదని ఒప్పుకుంటాను. కానీ మీ పరిశోధన పత్రాల మీద ఉండే పేర్లే మీకు లాభం కాబట్టి, ప్రతి అయిదుగురు రచయితల్లో ఒకరు గని పక్క ఊరివారై ఉండాలని కోరడం ఆ తీర్పు స్ఫూర్తికి విరుద్ధం కాదనుకుంటాను.

మూడవది మూసివేత ప్రణాళిక. ఇక్కడ కొంచెం ఆగాలి. కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, గని తెరవకముందే దాన్ని ఎలా మూస్తారో రాసివ్వాలి. ఆ పని చేయకుండా పారిపోకుండా, ఓపెన్‌కాస్టుకైతే, అంటే నేలను పైనుంచి తవ్వే గనికైతే, హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికైతే హెక్టారుకు లక్ష రూపాయల లెక్కన ఎస్క్రో ఖాతాలో, అంటే పని పూర్తయ్యేదాకా ముట్టుకోరాని పూచీ ఖాతాలో, జమ కడుతూ రావాలని అప్పుడు పెట్టారు; ఆ రేట్లు తర్వాత మారాయి. మీకు ఏ రేటు వర్తిస్తుందో తేల్చాలంటే మీరు ఓపెన్‌కాస్టా, అండర్‌గ్రౌండా అన్నది ముందు తేలాలి. మీరు కనుక్కున్నదంతా ఎవరి అనుమతీ అడగకుండా బయటపెడితే మీరు ఓపెన్‌కాస్టు. నిధులిచ్చినవారు చదివి, దిద్ది, సరేనన్నాకనే ప్రచురించాలన్న షరతు మీ ఒప్పందంలో ఉంటే మీరు నిస్సందేహంగా అండర్‌గ్రౌండు. 2009 నాటి రేట్లతో చూస్తే ఎటు తిరిగినా పెద్ద భారం కాదు: మూడువేల చదరపు అడుగుల కార్యాలయానికి ఓపెన్‌కాస్టు లెక్కన దాదాపు 16,700 రూపాయలు, అండర్‌గ్రౌండు లెక్కన 2,800 లోపే. ఆర్థిక కోణంలో చూస్తే మీరు దేన్ని ఎంచుకుంటారో నాకు తెలుసు.

మూసివేత గురించి ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, మీ వంశంలో ఆయుర్దాయం తక్కువ. 2000లో ప్రపంచంలోని పెద్ద గనుల కంపెనీలు కొన్ని పూనుకుని, లండన్‌లోని ఒక పర్యావరణ, అభివృద్ధి పరిశోధన సంస్థ చేత గనులు, సుస్థిరాభివృద్ధి మీద భారీ అధ్యయనం చేయించాయి. 2002లో నివేదిక వచ్చింది, కార్యాలయం ముగిసింది. 2001లో ప్రపంచ బ్యాంకు, ఇండొనేషియా మాజీ మంత్రి ఎమిల్ సలీం చేత చమురు, గనుల రుణాల మీద సమీక్ష చేయించింది. బొగ్గు గనులకు అప్పులివ్వడం మానుకొమ్మని ఆయన నిక్కచ్చిగా చెబితే, 2004లో బ్యాంకు యాజమాన్యం కృతజ్ఞతలు చెప్పి ఆ మాటను పక్కన పెట్టింది. 2011లో ఆస్ట్రేలియా ప్రభుత్వ సహాయనిధితో అక్కడి రెండు విశ్వవిద్యాలయాలు కలిసి గనుల ద్వారా అభివృద్ధి కోసం ఒక అంతర్జాతీయ కేంద్రాన్ని తెరిచాయి. అది 2015తో ముగిసింది. గని ముప్పై ఏళ్ళు బతుకుతుంది, దాని సుస్థిరతను పరిశోధించే కార్యాలయం నాలుగేళ్ళు బతుకుతుంది. మీ పేరులో ఆ మాట ఉంది గనుక అడుగుతున్నాను: మీ అద్దె ఒప్పందం ఎన్నేళ్ళకు?

తక్కువ కాలమే కదా అని, వచ్చినవారంతా త్వరగా అయ్యే పని ఎంచుకుంటారు. అంటే మా అభిప్రాయాలు అడుగుతారు. ఓపెన్‌కాస్టు పక్క ఊళ్ళలో బ్లాస్టింగ్ వల్ల గోడలు పగులుతాయన్నది కొత్తగా కనుక్కోవలసిన విషయం కాదు. గని యజమానివి కాని ఇళ్ళ దగ్గర, ప్రకంపనల పౌనఃపున్యం 8 హెర్ట్జ్‌లోపు ఉంటే నేల కదలిక సెకనుకు 5 మిల్లీమీటర్ల వేగాన్ని మించరాదని గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లోనే సర్క్యులర్ ఇచ్చింది. దాన్ని కొలిచే యంత్రం ఉంది, కొలిచే మనిషి ఉన్నాడు, కొలిచిన అంకె రాసుకునే పుస్తకమూ ఉంది. ఆ పుస్తకం మాత్రం ఊళ్ళోకి రాదు. అందుకని మా వీధిలో ఒక పెద్దావిడ తన పద్ధతిలో కొలుస్తుంది. పగులు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ బొగ్గుముక్కతో అడ్డగీత గీసి, పక్కన మనవరాలిచేత తేదీ రాయిస్తుంది. కిటికీ మూల నుంచి దూలం దాకా మెట్లుమెట్లుగా తేదీలుంటాయి. కిందటి సర్వేకు వచ్చిన కుర్రవాడు ఆ గోడకు ఆనుకునే కూర్చుని, మీ జీవన నాణ్యత మీద గని ప్రభావానికి ఒకటి నుంచి అయిదు లోపు మార్కులు వేయమ్మా అని అడిగాడు. ఆవిడ అతనికి మంచినీళ్ళిచ్చి, "పోయినసారి వచ్చినోళ్ళు రాసుకపోయిన కాయితం ఏమాయె బిడ్డా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ప్రశ్నావళిలో గడి లేదు.

ఇంత రాశాక మీరు అసలే వద్దంటున్నానని అనుకోకండి. మీరు ఒక పనికి వస్తారు, అది చిన్న పని కాదు. జర్మనీలోని రూర్ ప్రాంతంలో చివరి బొగ్గుబాయి ప్రాస్పర్ హానియెల్ 2018 డిసెంబరు 21న మూతపడింది. శతాబ్దాల తవ్వకం వల్ల అక్కడ కొన్నిచోట్ల నేల 20 మీటర్లకు పైగా కుంగింది. పంపులు ఆపితే ఆ పల్లాల్లో నీరు నిలుస్తుంది, పాత బాయిల్లోని ఉప్పునీరు పైకెక్కి తాగునీటిని చెడగొడుతుంది. కాబట్టి అక్కడ పంపులు ఇక ఎప్పటికీ ఆగకూడదు. ఇది ముందే గ్రహించి 2007లో ఆర్‌ఏజీ ఫౌండేషన్ అనే నిధిని స్థాపించి, ఎవానిక్ అనే రసాయన కంపెనీ వాటాలు దాని చేతిలో పెట్టి, బొగ్గు ఆదాయం ఆగిపోయిన తర్వాత కూడా పంపుల ఖర్చు ఆ నిధి రాబడి నుంచే వచ్చేలా ఏర్పాటు చేసుకున్నారు. మన 2009 మార్గదర్శకాల్లో మూసివేత తర్వాత నీటినీ గాలినీ పరిశీలించడానికి పెట్టిన గడువు మూడేళ్ళు. అక్కడ శాశ్వతం, ఇక్కడ అప్పుడు రాసుకున్నది మూడేళ్ళు. ఈ రెండింటి మధ్య తేడా ఎంతో లెక్కగట్టి, ఆ తేడా ఎవరు చెల్లించాలో పేరు పెట్టి రాయగల కార్యాలయం ఎక్కడున్నా దానికి దండం పెడతాను.

గోదావరి లోయలో ఇల్లందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో బొగ్గు జాడ కనిపెట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది. అప్పటి నుంచి నేల కింద ఎన్ని సొరంగాలు మూతపడ్డాయి, వాటిలో ఎంత నీరు నిండింది, ఆ నీరు ఏ బావిలోకి దారి చూసుకుంటోంది అన్నది ఒక తరం పరిశోధకులకు సరిపడా పని. ఆ పనికి మనుషులను విమానంలో దించుకోనవసరం లేదు. కొత్తగూడెంలో 1970ల చివరి నుంచి గనుల కళాశాల ఉంది, అదే ఈమధ్య మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయమైంది. అక్కడి విద్యార్థుల్లో చాలామందికి ఏ బాయి ఎక్కడ మూతపడిందో తాతలు చెప్పిన కథల్లోనే తెలుసు. మీవంటివారి భాగస్వాముల పట్టికలో మాత్రం ఇటువంటివారిని "స్థానిక సహకారం" అనే గడిలో, అద్దె జీపుకూ దుబాసీకీ మధ్య చేర్చడం రివాజు. ఆ పట్టికను తలకిందులుగా అచ్చు వేయించగలిగితే నా అభ్యంతరాల్లో సగం వెనక్కి తీసుకుంటాను.

మీరు నా కోరిక మన్నించి ప్రజాభిప్రాయ సేకరణకు ఒప్పుకునే పక్షంలో, వేదికగా మా ఊరి బడి ఆవరణను వాడుకోవచ్చు. షామియానా ఖర్చు మేము భరిస్తాం. ఒక్క సూచన. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు సైరన్ మోగుతుంది, బ్లాస్టింగ్ అయ్యేదాకా 500 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదని నియమం. బడి ఆ 500 మీటర్లకు లోపలా బయటా అన్న విషయం మీద గనివారికీ మాకూ ఇంకా లెక్క కుదరలేదు. కనుక మీ స్వాగతోపన్యాసాలు, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు రెండు లోపే ముగించుకోవాలనీ, ఆ తర్వాత మాట్లాడేవారి కోసం చేతిలో పట్టుకుని కదలగలిగే మైకు తెప్పించాలనీ, ఈ పత్రం ముట్టినట్టు రశీదు తెలుగులో ఇప్పించాలనీ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
గని పక్క ఊరి అభ్యంతరదారు