ఆ కణం ఎవరిది?

మోకాలి గుజ్జు అరిగిపోయిందని డాక్టరు చెప్పాక రోగికి మిగిలేవి నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు, చివరికి కీలు మార్పిడి. మనం గుజ్జు అనే ఆ మృదులాస్థికి రక్తనాళాలుండవు. ఉన్న కాసిని కణాలూ గట్టి పదార్థంలో కూరుకుపోయి ఉంటాయి గనుక ఒకసారి అరిగితే మళ్లీ పూడటం కష్టం. అందుకే శాస్త్రవేత్తలు వైరస్‌ను ఆశ్రయించారు. రోగం తెచ్చే జన్యువులు తీసేసి మేలు చేసే జన్యువును ఎక్కిస్తే, కణంలోకి చొరబడే దాని గుణమే చికిత్సకు అక్కరకొస్తుంది. ఇదే జన్యుచికిత్స. ఈ ప్రయత్నాన్ని మేం స్వాగతిస్తున్నాం. కానీ దక్షిణ కొరియాలో జరిగింది మరచిపోకూడదు.

కోలన్ సంస్థ తయారుచేసిన ఇన్‌వోసా ఇంజెక్షన్‌కు ఆ దేశం 2017 జులైలో అనుమతిచ్చింది. అందులో మూడు పాళ్లు మామూలు మృదులాస్థి కణాలు, ఒక పాలు రెట్రోవైరస్ అనే రకం వైరస్‌తో, మృదులాస్థి పెరుగుదలకు తోడ్పడే టీజీఎఫ్-బీటా1 జన్యువును ఎక్కించిన కణాలు. ఆరో వేలితో పుట్టిన బిడ్డకు తీసేసిన వేలి నుంచి సేకరించిన కణాలే రెండింటికీ మూలమన్నారు. 2019లో గుట్టు బయటపడింది. జన్యువు ఎక్కించిన ఆ పాలు మృదులాస్థిది కాదు, వైరస్ తయారీకి ప్రయోగశాలల్లో వాడే మూత్రపిండ కణజాతిది! అంతులేకుండా విభజన చెందే కణాలవి. రేడియేషన్‌తో ఆ శక్తిని చంపేశామని కంపెనీ చెప్పినా కణితుల భయం పోలేదు. లైసెన్సు రద్దయింది. అప్పటికే 3,700 మందికి పైగా ఆ సూది వేయించుకున్నారు. వారిని 15 ఏళ్లపాటు కనిపెట్టి ఉండాల్సి వచ్చింది.

నేరపరిశోధనలో ఆనవాలు పట్టడానికి వాడే ఎస్టీఆర్ డీఎన్ఏ పరీక్షే ఈ తేడాను పట్టించింది. అనుమతికి ముందే చేయించి ఉంటే ఎంత బాగుండేది! 2019లో తమ దేశంలో ఈ ఇంజెక్షన్‌పై ప్రయోగాలు ఆపించిన అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, అవి ఏ కణాలో తెలిశాక 2020 ఏప్రిల్‌లో కొనసాగించనిచ్చింది. అంటే ఈ మార్గం మూసుకుపోలేదన్నమాట.

జన్యుచికిత్సపై భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు మనకు 2019 నుంచే ఉన్నాయి. మోకాలి నొప్పి ప్రాణం తీసే జబ్బు కాదు. కాబట్టి ఇక్కడ భద్రతకు రుజువు మరింత గట్టిగా అడగాలి. తయారీదారు కాగితాలు చూసి సరిపెట్టుకోకుండా, కణాల గుర్తింపు పరీక్షను ప్రభుత్వమే స్వతంత్ర ల్యాబులో చేయించాలి. ఆసుపత్రి మారినా, ఊరు మారినా రోగిని ఏళ్ల తరబడి వెంటాడి విచారించేందుకు జాతీయ రిజిస్టరు పెట్టి, అందుకయ్యే ఖర్చును కంపెనీ నుంచి ముందుగానే జమ చేయించుకోవాలి. ఆ డబ్బు జమయ్యాకే తొలి సూదికి అనుమతివ్వాలి.