జబ్బులో చేసిన అప్పు ఎవరు కట్టాలి?

వరంగల్ చుట్టుపక్కల ఏదో ఒక ఊళ్లో ఒక ఇంటిని ఊహించుకుందాం. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన పైసలు చేతికొచ్చాయి. ఇంటాయన వారం పది రోజులుగా రాత్రికి రెండు గంటలు కూడా పడుకోవడం లేదు, అయినా అలుపన్నది లేదు. తెల్లవారకముందే చుట్టాలకు ఫోన్లు చేస్తాడు. హనుమకొండ శివార్లో రెండు ప్లాట్లకు బయానా ఇచ్చేశాడు, అప్పు తెచ్చి సెకండ్ హ్యాండ్ హార్వెస్టర్ కొన్నాడు, ఇదేందని అడిగిన భార్యను పదిమందిలో నానా మాటలన్నాడు. రెండు నెలలు తిరిగేసరికి అదే మనిషి గోడవైపు తిరిగి పడుకుని అన్నం ముట్టడం లేదు. అప్పులవాళ్లు మాత్రం వాకిట్లో కూర్చున్నారు.

ఇలాంటి ఇంటి మీద పంచాయితీ పెడితే వినిపించే తీర్పులు రెండే. "కావాలనే చేసిండు, పైసల మదం" అని కొందరు. "ఆయన చేతుల ఏమున్నది, జబ్బాయె" అని మరికొందరు. ఈ రెండింటితోనూ నాకు పేచీ ఉంది.

ఈ ఇంటాయనకున్నది బైపోలార్ అనే మానసిక జబ్బు, కొన్నాళ్లు ఉద్రేకం, కొన్నాళ్లు కుంగుబాటు. బైపోలార్ అంటే పొద్దున కోపం, సాయంత్రం నవ్వు కాదు. ఉద్రేకం పెరిగే దశను డాక్టర్లు మేనియా అంటారు. అది సాధారణంగా వారమైనా ఉంటుంది, ఒక్కోసారి నెలలు సాగుతుంది. నిద్ర అక్కర్లేదనిపించడం, మాట ఆగకపోవడం, తన అంతటివాడు లేడన్న ధీమా, చేతికి ఎముక లేని ఖర్చు అన్నీ దాని లక్షణాలే. అన్నిటికంటే ఇబ్బందికరమైంది ఇంకొకటి: జబ్బు ముదిరిన సమయంలో తనకు జబ్బుందన్న స్పృహే పోతుంది. "నాకేం గాలె, మీకే మెంటల్" అని ఎదురు తిరగడం మొండితనం అనుకుంటాం, అది కూడా జబ్బులో భాగమే. కాబట్టి మొదటి తీర్పు నిలవదు.

రెండో తీర్పు సంగతి చట్టాన్ని అడగవచ్చు. భారతీయ న్యాయ సంహితలోని 22వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 84, జబ్బు ఉన్నంత మాత్రాన ఎవరినీ వదిలేయదు. ఆ పని చేసిన క్షణంలో ఏం చేస్తున్నాడో, అది తప్పో కాదో తెలియని స్థితిలో ఉన్నాడా అన్నదే చూస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. మామూలుగా బాగుండి, అప్పుడప్పుడు మతి తప్పే మనిషి ఆ తప్పిన సమయంలో ఒప్పందం చేసుకోలేడని 12వ సెక్షన్ చెబుతుంది. మిగతా రోజుల్లో చేసుకున్నది మాత్రం చెల్లుతుంది. అంటే మన ఇంటాయన బయానా మీద కోర్టుకు పోవచ్చు, కానీ ఆ వారంలో ఆయన స్థితి ఏమిటో రుజువు చేయాలి. అప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లి ఉంటే డాక్టరు రాసిన తేదీతో కూడిన చీటీ ఎంత పనికొస్తుందో ఆలోచించండి. (కళ్లెర్రబడి, ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్న మనిషి దగ్గర బయానా పుచ్చుకున్న మధ్యవర్తికి ఏమీ కనిపించలేదా అన్నది నాకెప్పుడూ అనుమానమే.)

నా ఉద్దేశంలో మనిషిని బాధ్యత అడగాల్సింది జబ్బు తగ్గి నిమ్మళంగా ఉన్న రోజుల్లో. అక్కడే మన దగ్గర అసలు చిక్కు. ఆరు నెలలు గోలీలు వేసుకుని బాగైందనగానే ఎవరికీ చెప్పకుండా ఆపేస్తారు. ఆ మందులతో ఒళ్లు పెరుగుతుంది, చేతులు వణుకుతాయి, దాహం తీరదు. ఆ కష్టం నిజమే. దాన్ని డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోవడం ఒకటి, గోలీలు దిండు కింద దాచి వేసుకున్నానని చెప్పడం మరొకటి. రెండోదానికి జబ్బును అడ్డం పెట్టుకోలేం.

లిథియం సంగతే చూడండి. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో దాని గుణం బయటపెట్టిన దగ్గర్నుంచి ఈ జబ్బుకు ముఖ్యమైన మందుల్లో ఒకటి. పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం తక్కువ కాబట్టి మధ్య మధ్య రక్తపరీక్ష తప్పదు. మే నెల ఎండలో వడ్ల కుప్ప దగ్గర రోజంతా చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగకపోతే రక్తంలో దాని శాతం పెరుగుతుంది. ఒళ్లు నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే డైక్లోఫెనాక్ సూది కూడా పెంచుతుంది. "నేను ఫలానా మందు వాడుతున్న" అని ఆ ఆర్‌ఎంపీకి చెప్పాల్సింది రోగే. సిగ్గుపడి చెప్పకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంటివాళ్లను వదిలేయడం కూడా న్యాయం కాదు. "పెండ్లయితే కుదురుకుంటడు" అని జబ్బు దాచి సంబంధం కుదిర్చేది వాళ్లే. వచ్చిన కోడలికి దిండు కింద గోలీలు దొరికేదాకా ఏమీ తెలియదు. ఆ తర్వాత ఆమె కోపాన్ని తప్పుపట్టేదీ వాళ్లే. ఇక జబ్బు జాడే లేని నెలల్లో తాగొచ్చి కొట్టే మనిషి విషయంలో బైపోలార్ పేరెత్తడం ఈ జబ్బుతో బతుకుతున్న మిగతా వాళ్లందరికీ అన్యాయం. వాళ్లలో చాలామంది ఎవరి మీదా చెయ్యెత్తని వాళ్లే.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒక మంచి దారి చూపింది. జబ్బు తిరగబెడితే తనకు ఏ వైద్యం కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చు. డబ్బు సంగతి అందులోకి రాదు, దాన్ని ఇంట్లోనే తేల్చుకోవాలి. ఏటీఎం కార్డు భార్య దగ్గర, పట్టా పాస్‌బుక్ అన్న దగ్గర, మూడు రాత్రులు నిద్ర లేకపోతే ఎవరు వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికో తెలిసిన డాక్టరు దగ్గరికో తీసుకెళ్లాలో ముందే మాట. ఏం చేయాలో తోచకపోతే మానసిక సమస్యలకు సలహా చెప్పే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. పాస్‌బుక్ అన్న చేతికివ్వడం నామోషీ అనుకునే మగవాళ్లు ఎక్కువ. ఇంటాయన తనంతట తాను ఇస్తే పంచాయితీలో జబ్బు మాట ఎత్తే హక్కు ఆయనకుంటుంది. హార్వెస్టర్ అప్పు మాత్రం అప్పటికీ ఉంటుంది. దాన్ని వాయిదాల్లో ఎలా తీర్చాలో, పదిమందిలో అన్న మాటలకు ఆ పదిమందిలోనే భార్యకు ఏం చెప్పుకోవాలో ఆయనే చూసుకోవాలి.