ట్యాంకుల మ్యూజియంలో ఫిరంగుల కన్నా చూడాల్సినవి వేరే ఉన్నాయి

ఇంగ్లండ్‌లోని డోర్సెట్ కౌంటీలో, బోవింగ్టన్ అనే సైనిక స్థావరం పక్కనే ట్యాంక్ మ్యూజియం ఉంది. వెళ్లేవాళ్లలో చాలామంది రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకు టైగర్ 131 కోసమే వెళతారు. ఇప్పటికీ సొంత ఇంజిన్ బలంతో నడిచే టైగర్-1 ప్రపంచంలో ఇదొక్కటే. అందరూ 88 మి.మీ. ఫిరంగి పక్కన ఫొటో దిగి ముందుకు కదులుతారు. అసలు చూడాల్సింది ఆ గొట్టం అడుగున ఉంది. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ చర్చిల్ ట్యాంకు పేల్చిన 6 పౌండర్ ఫిరంగి గుండు అక్కడ తగిలి, కిందికి జారి, టరెట్ (ఫిరంగి ఉండే పై భాగం) తిరిగే వలయంలో ఇరుక్కుంది. టరెట్ బిగుసుకుపోవడంతో సిబ్బంది బండిని వదిలేసి పారిపోయారు. ముందున్న 100 మి.మీ. ఉక్కును ఛేదించే అవసరమే రాలేదు.

ఏ ట్యాంకు ఎంత దూరం కాల్చగలదో ఫోనులో వెతికినా తెలుస్తుంది. ఎక్కడ, ఎందుకు ఆగిపోయిందో తెలియాలంటే దాని ముందు నిలబడాల్సిందే. అంత దూరం వెళ్లినందుకు గిట్టుబాటు అయ్యేది అదే.

అందుకే టైగర్‌కు పరుగెత్తే ముందు మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ట్యాంకు మార్క్-1 దగ్గర కాసేపు ఆగాలి. ఆ రకంలో మిగిలింది ఇదొక్కటే. 28 టన్నుల బండికి 105 హార్స్‌పవర్ ఇంజిన్. అదీ సిబ్బంది కూర్చునే గదిలోనే, అడ్డుగోడ లేకుండా. వేడి, పొగ అన్నీ ఎనిమిది మంది మధ్యే. బండి మలుపు తిప్పడానికే నలుగురు కావాలి. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధరంగంలో తొలిసారి దించినప్పుడు సిద్ధం చేసిన 49లో 32 మాత్రమే దాడి మొదలయ్యే చోటికి చేరాయి. మిగతావాటిలో చాలావాటిని ఆపింది శత్రువు కాదు, యంత్ర లోపాలు, బురద.

టైగర్ చక్రాలను పక్కనుంచి వంగి చూడండి. ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టు వరసలుగా ఉంటాయి. 57 టన్నుల బరువు నేలమీద సమంగా పడాలని అలా అమర్చారు. అయితే లోపలి చక్రం ఒకటి పాడైతే బయటివి ఎన్నో విప్పాలి. రష్యా చలికి చక్రాల మధ్య బురద రాత్రికి రాత్రి గడ్డకట్టేది. రైలెక్కించాలంటే 725 మి.మీ. వెడల్పున్న ట్రాకులు (చక్రాల చుట్టూ తిరిగే ఉక్కు పట్టీలు) తీసి 520 మి.మీ.వి తొడగాలి, దిగాక మళ్లీ మార్చాలి. నేర్పైన ఇంజనీరింగే, కానీ యుద్ధానికి తగినది కాదని మా అభిప్రాయం.

ఎం3 గ్రాంట్ అనే అమెరికన్ ట్యాంకు దగ్గర ఉక్కు పలకలను కలిపే రివెట్లు గమనించండి. గుండు బయట తగిలితే రివెట్ తెగి లోపలున్నవారి మీదకే తూటాలా దూసుకొచ్చేది. దీని తోబుట్టువు లాంటి లీ ట్యాంకులే 1944లో ఇంఫాల్ దగ్గర నున్‌షిగుమ్ కొండ ఎక్కాయి.

మనవాళ్లు తప్పక ఆగాల్సింది చీఫ్టెన్ అనే బ్రిటిష్ ట్యాంకు దగ్గర. దాని ఎల్60 ఇంజిన్, ట్యాంకు ఇంజిన్లు ఏ ఇంధనంతోనైనా నడవాలన్న నాటో విధానం నుంచి పుట్టింది. ఆరు సిలిండర్లు, ఎదురెదురుగా కదిలే 12 పిస్టన్లు. సిలిండర్ లోపలి తొడుగుల (లైనర్ల) సీళ్లు కారేవి. అనుకున్న 700 హార్స్‌పవర్ మొదట్లో అందనేలేదు. ఇదే కుటుంబానికి చెందిన ఇంజిన్‌ను చెన్నై దగ్గరి ఆవడిలో తయారైన మన విజయంత ట్యాంకుకూ అమర్చారు. ఒక విధానపత్రంలో రాసిన షరతు రెండు దేశాల మెకానిక్‌లకు పని పెట్టిందన్నమాట.

ఏ రోజు వెళ్లాలన్నదే పెద్ద ప్రశ్న. టైగర్‌ను నడిపి చూపే టైగర్ డే నాడు, జూన్ చివర్లో జరిగే ట్యాంక్‌ఫెస్ట్‌లో బండ్లు నడుస్తాయి, కానీ కంచె అవతల దూరం నుంచే చూడాలి. లోపల కిటకిట, టికెట్లు ముందే అయిపోతాయి. పైగా నడిపిన ప్రతిసారీ దొరకని విడిభాగాలు అరిగిపోతాయి. ఇప్పుడు టైగర్‌లో ఉన్నది కూడా దాని మొదటి ఇంజిన్ కాదు, తర్వాతి రకమైన మేబాక్ హెచ్‌ఎల్230. ఎప్పుడో ఒకసారి నడపడం సబబే. మొదటిసారి వెళ్లేవాళ్లు మాత్రం మామూలు రోజునే ఎంచుకోవాలి. కనీసం ఐదు గంటలు ఉంచుకోండి.

లండన్ వాటర్లూ నుంచి వేమత్ వెళ్లే రైలెక్కి వూల్‌లో దిగాలి, దాదాపు రెండున్నర గంటలు. అక్కడి నుంచి 3 కి.మీ. పైనే. చిన్న స్టేషన్ కాబట్టి టాక్సీ ముందే మాట్లాడుకోవాలి.

యూరప్‌లోని చాలా దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసా బ్రిటన్‌లో చెల్లదు. ఆ వీసా మాత్రమే ఉన్నవారికి ఫ్రాన్స్‌లోని సోమూర్ ట్యాంకుల మ్యూజియం ఉంది. అక్కడ నడిచే కింగ్ టైగర్‌ను చూడొచ్చు. జర్మనీలో మున్‌స్టర్‌ ట్యాంకుల మ్యూజియం ఉంది. కాకపోతే రైలు టికెట్ కొనేటప్పుడు జాగ్రత్త. ట్యాంకులున్న మున్‌స్టర్ హాంబుర్గ్, హనోవర్ల మధ్య చిన్న పట్టణం. దాదాపు అదే పేరున్న పెద్ద నగరం వెస్ట్‌ఫాలియాలో, అక్కడికి సుమారు 200 కి.మీ. దూరంలో ఉంది.