మనవాడే, చూసుకుంటాడు

చిన్న వ్యాపారులు ఆన్‌లైన్ కొట్టు కట్టించుకోబోయి నష్టపోతున్నారని ఈ మధ్య అందరూ తెగ బాధపడిపోతున్నారు. ఈ బాధ శుద్ధ దండగ. ఏడు నెలలపాటు ఒక ఆన్‌లైన్ కొట్టు కట్టించుకున్న అనుభవంతో చెబుతున్నాను, కట్టేవాళ్ల తప్పు రవ్వంత కూడా లేదు. తప్పంతా కట్టించుకునేవాళ్లది. తేదీ అడగడం, పాస్‌వర్డ్ అడగడం, ఒప్పుకున్న పనేమిటో కాగితం మీద పెట్టమనడం లాంటి దురలవాట్ల వల్లే ఈ రంగం ఇలా తగలడింది. వీటిలో ఒక్కటీ చెయ్యని ఆదర్శ యజమానిని కనుక, నాలుగు మాటలు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

మాది గొడుగుల వ్యాపారం. జేబులో పట్టే మడత గొడుగు మొదలుకొని, కింద పదిమంది కూర్చోగల తోట గొడుగు దాకా మొత్తం పద్నాలుగు రకాలు. వీటిని ఆన్‌లైన్‌లో పెడదామనుకున్నానని తెలియగానే లోకజ్ఞానం ఉన్నవాళ్లంతా మీద పడ్డారు. కనీసం ముగ్గురితో మాట్లాడు, ఇంతకుముందు కట్టినవి చూపించమను, వాటిలో ఒకదాంట్లో నువ్వే ఏదో ఒకటి కొని చూడు అన్నారు. ఎంత అనుమానపు మనుషులో! నాకు అవేమీ అక్కర్లేకపోయింది. మా బావమరిది ఫోన్ చేసి, వెబ్‌సైట్లు కట్టే ఒక కుర్రాడి గురించి రెండే ముక్కలు చెప్పాడు. "మనవాడే బావా, చూసుకుంటాడు."

ఈ రెండు ముక్కల్లో ఎంత న్యాయశాస్త్రం ఇమిడి ఉందో గమనించాలి. "మనవాడే" అన్నది అర్హత పత్రం. "చూసుకుంటాడు" అన్నదాంట్లో పని వివరాలు, గడువు, హామీ, ఆ తర్వాతి మరమ్మతులు అన్నీ వచ్చేశాయి. ఏం చూసుకుంటాడు, ఎప్పటిదాకా చూస్తూ ఉంటాడు అని అడగడం మర్యాద కాదు. మా ఒప్పందం వాట్సాప్‌లో కుదిరింది. నేను "ఓకేనా బాబూ?" అన్నాను, అతను బొటనవేలి బొమ్మ పెట్టాడు. పూర్వం చదువురానివాళ్లు కనీసం దస్తావేజు రాయించుకుని దాని మీద వేలిముద్ర వేసేవాళ్లు. చదువుకున్న మేమిద్దరం దస్తావేజు తీసేసి వేలు ఒక్కటే ఉంచుకున్నాం.

పని వివరాలు నేనూ స్పష్టంగానే చెప్పానండోయ్. "అమెజాన్‌లా ఉండాలి, కానీ సింపుల్‌గా." ఒక్క నొక్కుతో కొనేసే సదుపాయం మీద ఆ కంపెనీకి 1999లో అమెరికాలో పేటెంట్ వచ్చిందనీ, 2017లో దాని గడువు తీరిపోయిందనీ చదివి ఉన్నాను. తీరిపోయింది కదా, మనమూ పెట్టేసుకుందామా అని అడిగాను. "చిన్న పనే సార్" అన్నాడు. ఈ మాటకు అర్థం నాకు ఆరో నెలలో తెలిసింది. పని చిన్నదే. అది చేసే రోజు దొరకడమే పెద్ద పని.

బ్రిటన్‌కు చెందిన పార్కిన్‌సన్ అనే పెద్దమనిషి 1957లో ఒక సంగతి రాశాడు. కమిటీ ముందుకు అణు రియాక్టర్ వస్తే ఎవరికీ అర్థం కాదు కనుక నిమిషాల్లో సరేననేస్తారట. సైకిళ్ల షెడ్డు వస్తే మాత్రం దాని గురించి అందరికీ తెలుసు కనుక కూర్చుని వాదించుకుంటారట. మా గొడుగుల కొట్టు కమిటీలో నేను, మా ఆవిడ, సలహాకని వచ్చి వెళ్లడం మర్చిపోయిన మా బావమరిది. "కార్ట్‌లో వేయి" అనే బటన్ రంగు మీద పదకొండు రోజులు చర్చించాం. నీలం వద్దు, వానలో కనిపించదన్నాడు మా బావమరిది. ఫోన్ తెర మీద వాన పడదన్న సంగతి ఆ పదకొండు రోజుల్లో ఒక్కరికీ తట్టలేదు.

అదే వారంలో, కొట్టు పేరు, అంటే డొమైన్, ఎవరి అకౌంట్‌లో తీసుకోవాలన్న ప్రశ్న కూడా వచ్చింది. "నా దాంట్లో తీసేస్తాను సార్, మీకెందుకు శ్రమ" అన్నాడతను. నాలుగు సెకన్లలో ఆమోదించాం. సెకన్లు ఎలా గుర్తున్నాయంటారా? తర్వాత చాలా రాత్రులు పడుకుని లెక్కపెట్టుకున్నాను.

ఇక్కడ నా గురించి కూడా ఒక చిన్న సంగతి ఉంది. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ మా ఆవిడ ఈ వ్యాసం చదువుతుంది. మొదటి వారం నుంచీ అతను "కంటెంట్ ఇవ్వండి సార్" అని అడుగుతూనే ఉన్నాడు. ఫొటోలు, కొలతలు, ప్రతి గొడుగు గురించి నాలుగు వాక్యాలు. ఫొటోలు తీయడానికి నాకు రెండు నెలలు పట్టింది. తీసినవి ఒక్కొక్కటి ఎనిమిది ఎంబీ. వాటిని కుదించాలని నాకు తెలియదు, కుదించాలని అతనికి అనిపించలేదు. వాన మొదలవుతుండగా ఫోన్‌లో మా కొట్టు తెరిస్తే, వాన వెలిసేసరికి మొదటి గొడుగు పిడి దాకా కనిపించేది. వాక్యాలు రాయడానికి బద్ధకించి "మీరే ఏదో ఒకటి రాసేయండి బాబూ" అన్నాను. ఏదో ఒకటే రాశాడు. పద్నాలుగు గొడుగుల కిందా "అత్యుత్తమ నాణ్యత గల ఉత్పత్తి" అని. ఒక్కో గొడుగు బరువెంత సార్ అని కూడా అడిగాడు, పాపం. గొడుగును తూచి ఎవరు కొంటారయ్యా అని నవ్వేసి ఊరుకున్నాను. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

ఇక పని వేగం సంగతి. మూడో వారానికే తొంభై శాతం అయిపోయింది. దీనికి నా దగ్గర రాతపూర్వక ఆధారం ఉంది. "ఎంతవరకు వచ్చింది బాబూ?" "నైంటీ పర్సెంట్ సార్." ఐదో వారంలోనూ తొంభై. పదో వారంలోనూ తొంభై. ఒకసారి మాత్రం ఎనభై ఐదు అన్నాడు. చేసిన పని వెనక్కి నడవడం చూడటం నాకదే మొదటిసారి, అతని నిజాయితీకి ముచ్చటేసింది. తెలియనివాళ్లు దీన్ని అబద్ధం అంటారు. కాదు, ఇది శాస్త్రం. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో పనిచేసిన టామ్ కార్గిల్ అనే ఇంజనీరు మాటగా 1985లోనే అచ్చయింది. ప్రోగ్రాములో మొదటి తొంభై శాతానికి తొంభై శాతం సమయం పడుతుంది, మిగతా పది శాతానికి ఇంకో తొంభై శాతం సమయం పడుతుంది అని. మొత్తం కలిపితే నూట ఎనభై. మావాడు ఆ ఇంజనీరు పేరు విని ఉండడు. అయినా సూత్రాన్ని అక్షరాలా పాటించాడు.

ఏడో నెలలో ఒక అర్ధరాత్రి "లైవ్ చేసేశాను సార్" అని మెసేజ్ వచ్చింది. ఇంటిల్లిపాదీ లేచి చూశాం. బటన్ ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. "వాపసు విధానం" అన్నచోట నొక్కితే లాటిన్ వచ్చింది. అది డిజైనర్లు ఖాళీ నింపడానికి వాడే లోరెమ్ ఇప్సమ్. క్రీస్తుపూర్వం 45లో సిసెరో అనే రోమన్ పండితుడు రాసిన తత్వచర్చ నుంచి ముక్కలు ముక్కలుగా తెచ్చి కలిపిందట. నొప్పిని నొప్పి కోసమే కోరుకునేవాడెవడూ ఉండడు అనే అర్థం వచ్చే చోటు అది. గొడుగు వాపసు విధానంగా ఇంతకన్నా సూటిగా ఎవరు రాయగలరు? మార్చొద్దన్నాను.

తర్వాత ఆరు వారాలపాటు కొట్టులో చీమ కూడా దూరలేదు. గూగుల్‌లో మా పేరు అక్షరం పొల్లుపోకుండా కొట్టి వెతికినా మేం తప్ప అందరూ వచ్చేవాళ్లు. ఇది పోటీదారుల కుట్ర అని మా బావమరిది తేల్చాడు. చివరికి అసలు సంగతి బయటపడింది. మా కొట్టు కట్టిన వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఒక చిన్న గడి ఉంటుంది. ఈ సైటును మీ జాబితాలో చేర్చుకోవద్దు అని సెర్చ్ ఇంజన్లకు మనవి చేసే గడి. కట్టేటప్పుడు టిక్కు పెట్టుకుంటారు, తెరిచాక తీసేయాలి. తీయలేదు. అంటే ఆరు వారాలపాటు మేం షట్టర్ కిందికి దించి, లోపల లైట్లన్నీ వేసుకుని, బేరం ఎందుకు రావడం లేదని ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ కూర్చున్నామన్నమాట.

టిక్కు తీసిన వారంలోనే మూడు ఆర్డర్లు! మా ఆవిడ మొదటి గొడుగుకు రంగు కాగితం చుట్టి, పైన ధన్యవాదాల చీటీ అంటించింది. చిరునామా రాద్దామని చూస్తే, పేరు "టెస్ట్ టెస్ట్". వీధి "ఏఎస్‌డీఎఫ్". ఫోన్ నంబరు పది తొమ్మిదులు. మూడు ఆర్డర్లకూ కార్డు చివరి అంకెలు 4242. ఒకే ఇంట్లో ముగ్గురికి గొడుగులు కావలసి వచ్చాయేమో అనుకున్నాం కాసేపు. 4242 అని నాలుగుసార్లు వరసగా రాస్తే వచ్చే పదహారంకెల నంబరు, ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే స్ట్రైప్ కంపెనీవాళ్లు పరీక్షల కోసం ఇచ్చే ఉత్తుత్తి కార్డని తర్వాత తెలిసింది. మా డబ్బుల గేట్‌వే ఇంకా టెస్ట్ మోడ్‌లోనే ఉంది. ఉత్తుత్తి కార్డు పట్టుకొచ్చిన మావాడిని నవ్వుతూ లోపలికి పిలిచి, నిజం కార్డుతో వచ్చిన మనుషుల్ని గుమ్మంలోంచే తరిమేస్తూ ఉంది మా కొట్టు. ఆ తరిమించుకున్నవాళ్లు ఎందరో ఏమో, వాళ్లు మళ్లీ రాలేదు.

అది సరిచేసేలోగా కొట్టు అడుగున, తెల్ల నేల మీద తెల్ల అక్షరాలతో, ఏదో జూదశాల లింకు మొలిచింది. కొట్టుకు రూపురేఖలిచ్చే థీమ్ ఒకటి ఉంటుంది, డబ్బు కట్టి కొనాల్సిన అలాంటిదాన్ని లైసెన్సు లేకుండా ఎక్కడి నుంచో దించుకుంటే అందులో ఇలాంటి దొంగ కోడ్ కూడా వస్తుందట. "ఫ్రీగా దొరికింది సార్, మీకు ఖర్చు తగ్గించాను" అన్నాడు. నా కోసం ఆలోచించే మనిషిని ఏమనగలను?

ఇక అసలు ఘట్టం. ఒకరోజు పొద్దున్నే లేచేసరికి కొట్టు లేదు. నెమ్మదించడం, చెడిపోవడం కాదు, అసలు ఆ పేరే లేదు. డొమైన్ తీసుకుని సరిగ్గా ఏడాదైంది, గడువు తీరింది. తీరబోయే నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, తీరాక ఐదు రోజుల్లోపు ఇంకొకటి, ఇలా గుర్తుచేస్తూ మెయిళ్లు పంపాలని డొమైన్లు అమ్మేవాళ్లకు, ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ నియమం పెట్టింది. పంపారు. అన్నీ అతనికే వెళ్లాయి. "స్పామ్ అనుకున్నాను సార్." డాట్ కామ్ పేరు తొలగించాక విడిపించుకోవడానికి ముప్ఫై రోజులు ఉంటాయి, ఆ పైన ఐదు రోజులు ఎవరూ కదిలించలేరు, ఆ తర్వాత దారినపోయే ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. ఈ లెక్కలు నాకు అప్పజెప్పుకున్నంత బాగా వచ్చు ఇప్పుడు. మా పేరు ఇరవై రెండో రోజున, మామూలు రుసుముకు ఎన్నో రెట్లు కట్టాక విడుదలైంది. నా అకౌంట్‌లోకి మార్చమని అడిగితే దానికో కోడ్ కావాలన్నాడు. ఆ కోడ్ ఎవరి దగ్గర ఉంటుందంటే అతని దగ్గరే ఉంటుంది. "చూసి పంపుతాను సార్, చిన్న పనే."

ఈ కంగారులో ఒక వకీలు మిత్రుడికి ఫోన్ చేస్తే ఇంకో ముక్క కలిపాడు. చాలా దేశాల చట్టాల్లో, బయటివాడితో రాయించుకున్న కోడ్ మీద హక్కు, నీకు బదిలీ చేశానని రాసిస్తే తప్ప, రాసినవాడిదేనట. బొటనవేలి బొమ్మ చెల్లుతుందా అని అడిగాను. ఫోన్ పెట్టేశాడు. మొత్తానికి లెక్క తేలింది. గోడలు అతనివి, పేరు పలక అతనిది, తాళంచెవి అతనిది. గొడుగులు మాత్రం నావి.

కొందరుంటారు. డొమైన్, సైటుకు చోటిచ్చే హోస్టింగ్, గేట్‌వే అకౌంట్లన్నీ మొదటిరోజే తమ మెయిల్‌తో తమ పేరునే తీసుకుంటారు. కట్టేవాడికి వేరే లాగిన్ ఇచ్చి, పనయ్యాక తీసేస్తారు. డబ్బు విడతలుగా ఇస్తారు. ఆఖరి విడతైతే మరీ ఘోరం. తామే ఫోన్‌లో ఒక వస్తువు కొని, ఆ డబ్బు తమ బ్యాంకులో పడిందాకా ఆగి, మళ్లీ దాన్ని వాపసు కూడా చేసి, అప్పుడు గానీ చేయి విదల్చరు. బ్యాకప్ కాపీ ఎక్కడ పెట్టావు, దాన్ని తిరిగి ఎక్కించి చూపించు అని కూడా అడుగుతారట. ఇంత కర్కోటకులకు కొట్లు దొరుకుతాయేమో గానీ "మనవాడు" దొరకమంటే ఎక్కడ దొరుకుతాడు?

ఇంత కష్టపడ్డ మాకు ఫలితం దక్కకపోలేదు. పోయిన నెలలో, ఒక వాన సాయంత్రం, మొట్టమొదటి అసలు ఆర్డర్ వచ్చింది. అదీ అన్నిటికన్నా పెద్దది, తోట గొడుగు. పేరు నిజం పేరు, వీధి నిజం వీధి. చెల్లించవలసిన మొత్తం దగ్గర మాత్రం సున్నా. చూస్తే, కట్టేరోజుల్లో పరీక్ష కోసమని పెట్టుకున్న నూరు శాతం తగ్గింపు కూపన్ ఒకటి ఇంకా బతికే ఉంది. గొడుగు బరువు గడి ఖాళీ కనుక రవాణా ఖర్చు కూడా సున్నా. ఆ కూపన్ సంగతి లోకంలో తెలిసిన మనిషి ఒక్కడే.

మనవాడే కదా. మా ఆవిడ దాచిపెట్టిన ధన్యవాదాల చీటీ అంటించి, ఇద్దరం మోసుకెళ్లి పంపించి వచ్చాం. ఐదో రోజున కొట్టులో మొదటి రివ్యూ పడింది. మూడు నక్షత్రాలు. "గొడుగు బాగుంది. డెలివరీ మాత్రం లేటు."