పన్నెండు రోజుల పండగ, సొంతిల్లు లేని నాయిక

నవంబరు వచ్చేసరికి ఇంగ్లిష్ రొమాన్స్ పుస్తకాల మార్కెట్‌లో ఒక రకం ముఖచిత్రాలు వరసగా కనబడడం మొదలవుతుంది. మంచు పడుతున్న పెద్ద బంగళా, మెట్ల మీద వెల్వెట్ కోటు వేసుకున్న అమ్మాయి, ఆమె పక్కన ఓ డ్యూకు, అంటే ప్రభువుల్లో అన్నిటికన్నా పెద్ద బిరుదున్నవాడు. లోపల వంద పేజీలు అటూ ఇటూగా ఉండే కథ. కథాకాలం 1811 నుంచి 1820 దాకా, అంటే మూడో జార్జి రాజుకు మతి చలిస్తే ఆయన కొడుకు రాజప్రతినిధిగా ఏలిన రీజెన్సీ రోజులు. ఈ క్రిస్మస్ నవలికలను విమర్శకులు పెద్దగా పట్టించుకోరు. పట్టించుకున్నవాళ్లు కూడా సెలవుల్లో కాలక్షేపం అని పక్కన పెట్టేస్తారు. నేను ఒప్పుకోను. వీటిలో మంచివన్నీ ఒక గట్టి ప్రశ్న మీద నిలబడ్డాయి. పండక్కి అందరూ ఇంటికి వెళ్తుంటే, ఇల్లంటూ లేని ఆడపిల్ల ఎక్కడికి వెళ్లాలి? ఆ ప్రశ్న ఉన్న కథ చదివిన పదేళ్లకూ గుర్తుంటుంది. అది లేని కథ ఎంత మంచు కురిపించినా తేలిపోతుంది.

ఈ కోవకు పునాది వేసింది ఇంగ్లిష్ రచయిత్రి జార్జెట్ హేయర్. 1935 నుంచి ఆమె రీజెన్సీ నేపథ్యంతో రాసిన నవలల వల్లే ఆ తొమ్మిదేళ్ల చరిత్రకు ప్రత్యేకంగా ఒక పాఠకవర్గం తయారైంది. క్రిస్మస్ నవలిక ఊపందుకున్నది మాత్రం తర్వాతి తరంలో. అమెరికాలో సిగ్నెట్ ప్రచురణ సంస్థ 1989లో ఐదు నవలికలు కలిపి ఒక క్రిస్మస్ సంకలనం తెచ్చింది. ఆ తర్వాత అలాంటివి డిసెంబరుకు డిసెంబరు వస్తూనే ఉన్నాయి. 2006లో సిగ్నెట్ రీజెన్సీ వరస ఆగిపోయినా, ఈ-బుక్కులు వచ్చాక పేజీల లెక్క పట్టింపు పోయి నవలికకు మళ్లీ మంచి రోజులొచ్చాయి.

పండగకూ ఈ చిన్న కథకూ ఇంత బాగా కుదరడానికి కారణం ఆనాటి మర్యాదలు. పెళ్లికాని అమ్మాయి పరాయి మగవాడితో ఒంటరిగా ఉండకూడదు. ఒకే రాత్రి ఒకే మనిషితో రెండుసార్లకు మించి నాట్యం చేస్తే గుసగుసలు మొదలవుతాయి. లండన్ విందుల హడావుడిలో ఇద్దరు మనుషులు ఒకరినొకరు తెలుసుకునే వీలే ఉండదు. అదే క్రిస్మస్‌కు పల్లెలో ఓ బంగళాకు పాతికమంది చుట్టపక్కాలు దిగి, మంచుకు దార్లు మూసుకుపోతే ఎవరూ ఎటూ కదల్లేరు. పొద్దున ఫలహారం దగ్గర నుంచి రాత్రి పేకాట దాకా ఒకరికొకరు ఎదురుపడాల్సిందే. ఆ చలి రచయితలు కల్పించింది కూడా కాదు. 1814 ఫిబ్రవరిలో లండన్‌లో థేమ్స్ నది గడ్డకడితే జనం దాని మీదే అంగళ్లు పెట్టి జాతర చేసుకున్నారు. ఆ మంచు జాతరల్లో అదే ఆఖరిది.

అయితే ఇదే మంచును ఆ కాలపు నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ ఎలా వాడుకుందో చూడండి. 1815 డిసెంబరులో వచ్చిన ‘ఎమ్మా’లో క్రిస్మస్ ముందు రోజు రాత్రి వెస్టన్ గారింట్లో విందు జరుగుతుంటుంది. బయట మంచు మొదలైందన్న కబురు వినగానే ఎమ్మా తండ్రికి టెన్షన్ పట్టుకుంటుంది. అందరూ గబగబా బయల్దేరతారు. ఆ గందరగోళంలో ఒక బండిలో ఎమ్మా, ఆ ఊరి పాదిరి ఎల్టన్ ఇద్దరే మిగిలిపోతారు. బండి గేటు దాటిందో లేదో అతను ఆమె చెయ్యి పట్టుకుని పెళ్లి మాట ఎత్తుతాడు. ఆమె వద్దన్నా, మాట మార్చినా ఆపడు. చీకటి, చలి, మంచు పడే దారి. దిగిపోవడానికి లేదు. చివరికి ఇద్దరూ కోపంతో బిగుసుకుపోయి, మాటా పలుకూ లేకుండా మిగతా దారంతా కూర్చుంటారు. ఇప్పటి నవలికల్లో తలుపులు మూసిన బండి అంటే ప్రేమికులకు దొరికిన అదృష్టం. ఆస్టిన్‌కు మాత్రం అది ఆడపిల్ల ఇరుక్కుపోయే చోటు. రెండూ సాధ్యమేనన్న ఎరుక కథలో ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆ భయం తెలిసిన రచయిత్రి రాస్తేనే, నాయకుడు బండి ఎక్కకుండా బయట బండివాడి పక్కన చలిలో కూర్చునే సన్నివేశానికి విలువ వస్తుంది.

నిడివి కూడా కథను నిర్ణయిస్తుంది. ఎనభై పేజీల్లో ముక్కూమొహం తెలియని ఇద్దరిని కలిపి, ప్రేమ పుట్టించి, పెళ్లి దాకా తీసుకెళ్లడం కష్టం. చేసినా నమ్మబుద్ధి కాదు. అందుకే అనుభవమున్నవాళ్లు పాత గాయం ఉన్న జంటను ఎంచుకుంటారు. ఆరేళ్ల కిందట కాదన్నవాడు వాటర్లూ యుద్ధం నుంచి కుంటుతూ తిరిగొస్తాడు, లేదా పెళ్లయిన రెండేళ్లకే ముభావంగా మారిన మొగుడూపెళ్లాలు ఒకే ఇంట్లో పండగ గడపాల్సి వస్తుంది. చట్టం కూడా తొందరపడనివ్వదు. 1753 నాటి వివాహ చట్టం ప్రకారం చర్చిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదవాలి. డిసెంబరు 25 నుంచి జనవరి 6 దాకా ఎలా లెక్కేసినా రెండు ఆదివారాలకు మించి రావు. కాబట్టి పండగలో మనసులు కలిసినవాళ్లకు పండగలోపే పెళ్లి కావాలంటే లైసెన్సు కావాలి. కోరిన చోట, కోరిన వేళ చేసుకోవాలంటే కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఇచ్చే ప్రత్యేక లైసెన్సే దిక్కు. అది అందరికీ ఇచ్చేది కాదు. నాయకుడికి బిరుదు ఉండడం కథకు ఎందుకంత అవసరమో కొంతవరకు ఇక్కడ అర్థమవుతుంది. కానీ ఆ బిరుదు ప్రతిసారీ డ్యూకే కావడం మరీ ఎక్కువ. రాజకుటుంబాన్ని పక్కన పెడితే ఆ రోజుల్లో బ్రిటన్ మొత్తానికి డ్యూకులు సుమారు ముప్పై మంది.

ఇక పండగ సంగతి. చాలా నవలికల్లో హాలు మధ్యలో నిలువెత్తు క్రిస్మస్ చెట్టు, బల్ల మీద గ్రీటింగ్ కార్డులు, భోజనాల దగ్గర క్రాకర్లు (రెండు వైపులా లాగితే టప్పున పేలే కాగితపు గొట్టాలు) కనిపిస్తాయి. చెట్టును మూడో జార్జి భార్య షార్లెట్ రాణి 1800లోనే విండ్సర్‌లో పిల్లల కోసం పెట్టించింది, నిజమే. కానీ అది ఇంటింటి ఆచారం అయింది 1848లో విక్టోరియా కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ పత్రికలో అచ్చయిన తర్వాతే. మొదటి కార్డు 1843లో వచ్చింది. క్రాకర్లూ ఆ దశాబ్దానివే.

తేదీల తప్పు ఒక్కటే అయితే నేను ఇంత రాయను. ఆ చెట్టు కింద అసలు పండగ కప్పబడిపోతోంది, బాధ అది. రీజెన్సీ క్రిస్మస్ పన్నెండు రోజులు సాగేది, ఎక్కువ సందడి చివరి రాత్రిదే. డిసెంబరు 21న, సెయింట్ థామస్ రోజున, ఊళ్లోని పేద ముసలమ్మలూ వితంతువులూ ఇంటింటికీ తిరిగి గోధుమలో, నాణేలో అడిగి తెచ్చుకునేవారు. క్రిస్మస్ ముందు రోజు హాలీ, ఐవీ కొమ్మలు కోసుకొచ్చి గోడలకు కట్టేవారు. మర్నాడు కాక ఆ మర్నాడు పనివాళ్లకూ, సరుకులు తెచ్చిచ్చేవాళ్లకూ మామూళ్లు. జనవరి 6కు పెద్ద కేకు. ఆ రాత్రి అందరూ చీటీలు తీసి, చీటీలో ఏ పాత్ర వస్తే ఆ పాత్రలా ఆట ముగిసేదాకా మాట్లాడాలి. పొద్దస్తమానం ఇంటావిడకు శాలువా అందించే పేద బంధువు రాణి చీటీ తీస్తే ఏమవుతుంది? ఆ ఒక్క సన్నివేశంలో మొత్తం నవలిక ఉంది.

మిసిల్‌టో కొమ్మ విషయం ఇంకా బాగుంటుంది. అమెరికన్ రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ 1820లో రాసిన దాని ప్రకారం దాన్ని రైతుల ఇళ్లలో, వంటిళ్లలో వేలాడదీసేవారు. దాని కింద ముద్దు పెట్టుకున్న ప్రతిసారీ అబ్బాయి ఒక తెల్లటి పండు తెంపాలి. పండ్లు అయిపోతే ఇక ఆ హక్కు లేదు. అంటే ఇది ప్రధానంగా పనివాళ్ల, రైతుల సరదా. నవలికలు దాన్ని తీసుకెళ్లి డ్యూకు గారి డ్రాయింగ్ రూములో కట్టేశాయి, పండ్ల లెక్క మాత్రం వంటింట్లోనే వదిలేశాయి. నాలుగు పండ్లు మిగిలిన కొమ్మ కింద నిలబడ్డ వంటమనిషి కూతురి కథ ఎవరైనా రాస్తే బాగుండునని నాకు ఎప్పటినుంచో కోరిక.

మళ్లీ ఇంటి ప్రశ్నకు వస్తాను. ఈ నవలికల్లో నాయిక ఎక్కువగా గవర్నెస్ (పెద్దింట్లో ఉండి పిల్లలకు చదువు చెప్పే మనిషి), లేదా ధనవంతురాలైన ముసలావిడకు తోడుగా ఉండే మనిషి, లేదా అన్నావదినల ఇంట్లో పిల్లలను చూసుకునే పెళ్లికాని చెల్లెలు. తండ్రి పోగానే ఇల్లూ పొలమూ మగ వారసుడికి వెళ్లిపోవడం చూసి వచ్చినవాళ్లు. పండగ రోజున పై అంతస్తు విందులో వీళ్లకు కుర్చీ ఉండదు, కింద పనివాళ్ల బల్ల దగ్గరా చోటు ఉండదు. ఇది రచయిత్రులు ఏడిపించడానికి అల్లిన పరిస్థితి అనుకుంటే పొరపాటు. ఆస్టిన్ జీవితమే చూడండి. 1795 క్రిస్మస్ రోజుల్లో, రీజెన్సీకి కాస్త ముందు, ఐర్లండు నుంచి తన తండ్రి సోదరుడి ఊరికి వచ్చిన టామ్ లెఫ్రాయ్‌తో ఆమె వరసగా నాట్యాలు చేసింది. మనకు దొరికిన ఆమె ఉత్తరాల్లో మొట్టమొదటిది, 1796 జనవరి 9న అక్క కసాండ్రాకు రాసింది, ఆ ముచ్చటే చెబుతుంది. అచ్చంగా క్రిస్మస్ నవలికే. కానీ ఇద్దరి దగ్గరా డబ్బు లేదు. కొద్ది రోజుల్లోనే అతను వెళ్లిపోయాడు. తర్వాత ఎప్పటికో ఐర్లండుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.

1802 డిసెంబరు 2న మానీడౌన్ బంగళాలో హారిస్ బిగ్-విదర్ ఆస్టిన్‌ను పెళ్లి చేసుకుంటానన్నాడు. పెద్ద ఆస్తికి వారసుడు. ఆమె సరేనంది. తెల్లారేసరికి మనసు మార్చుకుని కాదంది. ఆ ఒక్క రాత్రి ఆమె ఏమేం లెక్క వేసుకుందో ఎక్కడా రాసిపెట్టలేదు. కాదనడం వల్ల ఏమైందో మాత్రం తెలుసు. 1805 జనవరిలో తండ్రి పోయాక తల్లి, అక్క, ఆమె, ముగ్గురూ అన్నదమ్ములు పంపే డబ్బుతో బతుకుతూ ఇళ్లు మారారు. 1809లో అన్న ఎడ్వర్డ్ చాటన్‌లో ఒక ఇల్లు ఇచ్చేదాకా స్థిరమైన చోటు లేదు. ఆమె బతికుండగా వచ్చిన పుస్తకాలన్నీ అచ్చుకు వెళ్లింది ఆ ఇంటి నుంచే. ఇది తెలిశాక నవలిక చివర నాయిక చేతికి తాళాల గుత్తి వచ్చే దృశ్యం చదివితే నవ్వు రాదు. పైగా ఆ తాళాల గుత్తి కూడా పూర్తిగా ఆమెది కాదు. పెళ్లయిన ఆడదాని ఆస్తి చట్టప్రకారం మొగుడిదే. 1882 చట్టం వచ్చేదాకా పెద్దగా మార్పు లేదు. నాయకుడు మంచివాడా కాదా అన్నదే కథంతా నడిపించడానికి కారణం అదే. ఆమెకు మరో రక్షణ లేదు.

ఈ ఎరుకను ఇంకో మెట్టు కిందికి తీసుకెళ్లిన రచయిత్రి మేరీ బాలోగ్. పైన చెప్పిన 1989 సంకలనంలోని ఆమె నవలికలో భార్యాభర్తల మధ్య సయోధ్య కుదిరే కథలోకి పొగగొట్టాలు శుభ్రం చేసే పసివాడు వచ్చి చేరతాడు. ఇరుకు గొట్టాల్లోకి ఎక్కించడానికి చిన్నపిల్లలే కావాలి. ఎనిమిదేళ్లు నిండనివాళ్లను పెట్టుకోకూడదని 1788లోనే చట్టం చేశారు, పట్టించుకున్నవాళ్లు తక్కువ. నవలికల్లో ప్రతి పేజీలోనూ కణకణలాడే ఆ నిప్పుగూడు వెనక ఎవరు పాకారో చూపించగానే కథ బరువు మారిపోయింది. క్రిస్మస్ తీపి వంటకం ప్లమ్ పుడ్డింగులోని చక్కెర సంగతీ ఇంతే. కరీబియన్ దీవుల్లో బానిసలు పండించిన చెరుకు అది. బానిసల వ్యాపారాన్ని 1807లో నిషేధించినా బానిసత్వం రద్దుకు 1833 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. 1790ల్లోనే ఎన్నో ఇంగ్లిష్ కుటుంబాలు ఆ చక్కెర మానేశాయి. టీలో చక్కెర వద్దనే నాయిక ఆ కాలానికి అతకని మనిషేం కాదు.

మన వైపు దారి కూడా ఒకటుంది. డ్యూకు దొరకనప్పుడు ఈ కథల్లో కనిపించే ఇంకో నాయకుడు ఇండియాలో బాగా సంపాదించుకుని వచ్చినవాడు. ఆ డబ్బు ఎక్కడిదో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అప్పటికి ఉత్తర సర్కారులు, అంటే తెలుగు కోస్తా జిల్లాలు, ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉన్నాయి. 1800లో నిజాం దత్త మండలాలనూ, అంటే రాయలసీమ, బళ్లారి వైపు జిల్లాలనూ, అప్పగించాడు. మద్రాసు ప్రభుత్వానికి ప్రధాన రాబడి భూమి శిస్తు. ఆ మండలాలకు 1807 వరకు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో బ్రిటన్ వెళ్లి, 1814లో, యాభై దాటిన వయసులో, స్కాట్లండుకు చెందిన జేన్ క్యాంప్‌బెల్‌ను పెళ్లి చేసుకుని మద్రాసుకు తిరిగొచ్చాడు. రాయలసీమ ఇప్పటికీ గుర్తుపెట్టుకున్న ఆ మన్రో, కాలం లెక్కన చూస్తే రీజెన్సీ కథానాయకుడే. ఆ వివాహాన్ని ఇంగ్లిష్ నవలిక ఎటు నుంచి చూస్తుందో ఊహించగలం. అనంతపురం, బళ్లారి వైపు నుంచి చూసినవాళ్లు ఎవరూ లేరు.

విశాఖపట్నంలో 1805లో దిగిన లండన్ మిషనరీలు తెలుగులోకి తెచ్చిన సువార్తలు 1812లో బెంగాల్లోని సెరంపూర్‌లో అచ్చయ్యాయి. వాటిలో లూకా సువార్త ఉంది, అంటే సత్రంలో చోటు దొరక్క పశువుల తొట్టిలో బిడ్డను పడుకోబెట్టిన తల్లి కథ రీజెన్సీ రోజుల్లోనే తెలుగు అచ్చులోకి వచ్చింది. ఆ పని చేసిన ఇద్దరు మిషనరీలూ ఆ పుస్తకం చూడకుండానే పోయారు. ఆ విశాఖలో ఒక డిసెంబరు, సముద్రం ఒడ్డున కంపెనీ ఉద్యోగి బంగళా, ఇంగ్లండు నుంచి వరుడి కోసం ఓడెక్కి వచ్చిన డబ్బులేని అమ్మాయి, ఆ ఇంట్లో ఆయా పని చేసే తెలుగు వితంతువు. ఇద్దరికీ సొంతిల్లు లేదు. మంచు అక్కర్లేని ఈ నవలికను తెలుగులోనే ఎవరైనా మొదలుపెట్టొచ్చు.